ఇంట్లో ఒకరికి మానసిక జబ్బు, చాకిరీ మాత్రం ఒక్కరికేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు మానసిక జబ్బు ఉన్నవాళ్లని ఇంట్లో చూసుకుంటున్నవాళ్లే రాశారు. రాసినవాళ్లలో ఎక్కువమంది తల్లులు, అక్కచెల్లెళ్లు. నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను, ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ప్రశ్న: మేడమ్, మా చిన్నబ్బాయికి ఇరవై ఆరేళ్లు. డిగ్రీ చదివేటప్పుడు అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని, టీవీలో తన పేరే చెబుతున్నారని మొదలైంది. స్కిజోఫ్రీనియా అన్నారు. రెండుసార్లు ఆసుపత్రిలో ఉంచాం. ఇంటికొచ్చిన కొన్నాళ్లకే మాత్రలు మానేస్తాడు. అందుకని ఏడాదిగా పొడి చేసి పెరుగన్నంలో కలిపి పెడుతున్నాను. మొన్న అన్నం చేదుగా ఉందని కంచం విసిరేశాడు. అప్పట్నుంచి నేను వండింది ముట్టడం లేదు, బిస్కెట్లు కొనుక్కుని తింటున్నాడు. వాళ్ల నాన్న నీ గారాబం వల్లే అంటారు, ఆసుపత్రికి మాత్రం రారు. పెద్దబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్‌లో సలహాలు చెబుతాడు. రాత్రిళ్లు నాకు నిద్ర లేదు. ఓపిక అయిపోయింది. ఏం చెయ్యను?
– ఒక తల్లి, నల్గొండ జిల్లా

అమ్మా, ముందు ఆ పెరుగన్నం సంగతి. కొడుకు బాగుండాలనే కలిపారు, మీలాగే కలుపుతున్న తల్లులు ఎందరో ఉన్నారు, అందుకు మిమ్మల్ని నిందించను. కానీ తనకి ఎవరో హాని చేయబోతున్నారన్న అనుమానమే ఈ జబ్బులో పెద్ద బాధ. అన్నంలో నిజంగానే ఏదో కలిసిందని తెలిసిపోయాక ఆ అనుమానానికి మనమే రుజువు చూపించినట్టయింది. ఇక కలపొద్దు. కొన్నాళ్లపాటు అబ్బాయి ఎదురుగా వండండి, ఇంటిల్లిపాదీ ఒకే గిన్నెలోంచి వడ్డించుకోండి, అతన్నే వడ్డించుకోమనండి. ఏం కలిపావని నిలదీస్తే అబద్ధం చెప్పొద్దు. మాత్ర కలిపాను, భయపడి కలిపాను, ఇంకెప్పుడూ కలపను అని చెప్పండి, కోప్పడితే కోప్పడనివ్వండి.

ఇందులో ఒక తొందర ఉంది. అన్నం తినడం లేదంటే మందు కూడా ఆగిపోయినట్టే కాబట్టి ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అబ్బాయి రానన్నా మీరైనా వెళ్లండి. ఏడాదిగా పొడి చేసి పెడుతున్నానని, కొన్ని రోజులు సగమే తినేవాడని ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు దాచిపెడితే పూర్తి మోతాదు పడుతున్నా తగ్గడం లేదనుకుని ఆయన ఇంకా పెంచేస్తారు. నోట్లో పెట్టుకోగానే కరిగిపోయే మాత్రలున్నాయి, మందును బట్టి రెండు వారాలకో నెలకో ఒకసారి చేయించుకునే ఇంజెక్షన్లు ఉన్నాయి. రోజూ మాత్ర దగ్గర గొడవ పడే ఇళ్లలో ఆ ఇంజెక్షన్ వల్ల చాలా ప్రశాంతత వస్తుంది. కాకపోతే అది కూడా అబ్బాయికి చెప్పి, ఒప్పించి చేయించాల్సిందే.

అసలు ఎందుకు మానేస్తున్నాడో ఎవరైనా అడిగారా? జబ్బు లేదనుకోవడం ఒక కారణం, నిజమే. కానీ ఈ మందులతో కొందరు ఏడాదిలో బాగా లావైపోతారు, పగలంతా మత్తుగా ఉంటుంది, చేతులు వణుకుతాయి, కాళ్లు నిలవక అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు, కొందరికి లైంగిక సమస్యలు వస్తాయి. ఇరవై ఆరేళ్ల కుర్రాడు ఈ చివరిది తల్లికి చెప్పుకోలేడు. డాక్టర్ దగ్గర కూడా మీరు పక్కన కూర్చుని ఉంటే చెప్పడు. అందుకే కాసేపు అబ్బాయితో డాక్టర్‌ని ఒంటరిగా మాట్లాడమనండి. వేళ మార్చడం, మోతాదు తగ్గించడం, వేరే మందుకి మారడం, ఇవన్నీ వీలయ్యే పనులే, కానీ చెప్పకపోతే ఎవరూ మార్చరు.

ఇప్పుడు ఇంట్లో మాటల గురించి. 1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు, ఆసుపత్రి నుంచి బయటికి వెళ్లినవాళ్లలో ఎవరికి జబ్బు తిరగబెడుతోందని చూశారు. అమ్మానాన్నల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్లకంటే అద్దె గదుల్లో, తోబుట్టువుల ఇళ్లలో ఉన్నవాళ్లే మెరుగ్గా ఉన్నారని తేలింది. ఎందుకని లోతుకి వెళితే మూడు కనిపించాయి: పొద్దస్తమానం తప్పులెంచడం, అసహ్యించుకోవడం, ఊపిరాడనివ్వకుండా పట్టుకుని కూర్చోవడం. జబ్బు వీటివల్ల పుట్టదమ్మా, మీ గారాబం వల్ల అసలే పుట్టలేదు. తగ్గిన జబ్బు తిరగబెట్టడంలో మాత్రం ఇంటి వాతావరణానికి పాత్ర ఉంది. తర్వాత 1980లలో చండీగఢ్‌లో ఇదే పరీక్ష పెడితే అక్కడి ఇళ్లలో లండన్ ఇళ్లకంటే ఈ సణుగుడు చాలా తక్కువగా ఉందని, జబ్బు తిరగబెట్టడం కూడా తక్కువేనని తేలింది.

కాబట్టి పదకొండు గంటలకి మంచం మీదున్న అబ్బాయితో "నీ ఈడువాళ్లంతా ఉద్యోగాలు చేసుకుంటుంటే నువ్వింకా పడుకునే ఉన్నావా" అంటే ఏమీ ఒరగదు. లేవలేకపోవడం, స్నానం చెయ్యాలనిపించకపోవడం, మాట తగ్గిపోవడం కూడా ఈ జబ్బు లక్షణాలే, అది బద్ధకం కాదు. "నీళ్లు పెట్టాను, స్నానం చేసి రా, టిఫిన్ తిందాం" అని ఒక్కసారి మామూలుగా చెప్పి మీ పనిలోకి మీరు వెళ్లిపోండి. గొంతులు వినిపిస్తున్నాయంటే ఎవరూ లేరురా అని వాదించొద్దు, అవునవునని తలూపొద్దు. "నాకు వినిపించట్లేదు నాన్నా, నీకు మాత్రం భయంగా ఉన్నట్టుంది, నేనిక్కడే కూర్చుంటాను" అంటే చాలు.

ఇక మీ ఆయనకి. ఈ పేజీ ఆయనకి చూపించండి. అయ్యా, మీరు ఆసుపత్రికి రాకపోవడం వల్ల మీ ఆవిడ రోగి తల్లిగా, కాపలాదారుగా, నర్సుగా, నేరస్థురాలిగా నాలుగు పాత్రలూ ఒక్కతే మోస్తోంది. వచ్చే అపాయింట్‌మెంట్‌కి మీరు తీసుకెళ్లండి. ఆవిడకి చెప్పుకోలేనివి మీ అబ్బాయి మీకు చెప్పుకోవచ్చు. పెద్దబ్బాయికి సలహాల బదులు పని ఒప్పజెప్పండి: నెలకి సరిపడా మందులు కొని పంపడం అతని పని, నెలలో ఒక శని ఆదివారాలు ఇంటికొచ్చి తమ్ముడితో ఉండటం అతని పని, ఆ రెండు రోజులూ మీరు మీ అక్కచెల్లెళ్ల ఇంటికో పుట్టింటికో వెళ్లి పడుకోండి. మీ నిద్ర గురించి కూడా డాక్టర్‌కి చెప్పాలి, మీరూ ఒక మనిషే కదా.

అబ్బాయి తిండి పూర్తిగా మానేసినా, తనని తాను గాయపరచుకునేలా ఉన్నా, మీ మీదికి వచ్చినా ఇక ఒప్పించే ప్రయత్నంలో రోజులు గడపొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి అత్యవసరంలో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు చికిత్స చెయ్యొచ్చు. ఆ తర్వాత కూడా అవసరమైతే అబ్బాయి తరఫున నామినేటెడ్ ప్రతినిధిగా మీరో మీ ఆయనో దరఖాస్తు చేస్తే, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి 30 రోజుల దాకా చేర్చుకుంటారు. బాగున్న రోజుల్లో అబ్బాయినే అడగండి, నీకు మళ్లీ అలా అయితే నీ తరఫున ఎవరు మాట్లాడాలని. అతను పేరు చెప్పి కాగితం మీద రాసి ఇవ్వొచ్చు, ఆ హక్కు చట్టమే ఇచ్చింది. అలా అడిగితే అబ్బాయికి కూడా మీ మీద నమ్మకం కొంత తిరిగొస్తుంది.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తని. మా ఊళ్లో ఒకాయనని ఇంటి వెనక కొట్టంలో కాలికి గొలుసు వేసి ఉంచారు. దేవుళ్లు, తాయెత్తులు అన్నీ అయ్యాయట. అన్నం పెడతారు, నీళ్లు పోస్తారు, కానీ విప్పరు. విప్పితే ఎటో వెళ్లిపోతాడని వాళ్ల భయం. పోలీసులకి చెబితే ఆ ముసలి తల్లిదండ్రులని తీసుకెళ్తారేమోనని నాకు భయం.
– శ్రీకాకుళం జిల్లా

మీరు రాసినందుకు చాలా సంతోషం. మనిషిని గొలుసుతో కట్టేయడం ఏ రకంగానైనా సరే నిషేధం, పైన చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే 95వ సెక్షన్ చెబుతోంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడి దర్గా దగ్గర ఒక షెడ్డు అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోయే వీల్లేక కాలిపోయారు. ఆ కొట్టానికి నిప్పంటుకున్నా, పాము దూరినా ఆయన పరిస్థితి అంతే. ఈ మాట ఆ తల్లిదండ్రులకి నెమ్మదిగా చెప్పాల్సిందే.

అయినా వాళ్లు కట్టేసింది క్రూరత్వంతో కాదు, వేరే దారి ఎవరూ చూపించక. అందుకని ముందు దారి చూపిద్దాం. మీ పీహెచ్‌సీ డాక్టర్‌ని ఇంటికి తీసుకురండి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం టీమ్ మీ జిల్లాలో ఏ రోజు ఎక్కడ చూస్తుందో కనుక్కోండి, తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పెద్దాసుపత్రి కావాలంటే మీకు దగ్గర విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఆసుపత్రికి వెళ్లే రోజు మీరు కూడా బండెక్కండి, ముసలివాళ్లు ఒక్కళ్లే ఓపీ చీటీ దగ్గర్నుంచి తిరగలేక వెనక్కి వచ్చేస్తారు. మందు పడి నిద్ర పడితే, కొన్ని వారాల్లో గొలుసు అక్కర్లేదని వాళ్లకే తెలుస్తుంది. వైద్యం మొదలయ్యాక వికలాంగుల పింఛను కోసం సర్టిఫికెట్ పెట్టించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి అది నెలకి 6,000 రూపాయలు (తెలంగాణలో 2023లో 4,016కి పెంచారు). మానసిక జబ్బుకి కూడా ఇది వర్తిస్తుందని చాలామందికి తెలియదు.

ఇన్ని చేసినా విప్పం, ఆసుపత్రికి పంపం అంటే అప్పుడు స్టేషన్‌లో చెప్పక తప్పదు. ఇంట్లో హింసకో నిర్లక్ష్యానికో గురవుతున్న వ్యక్తి గురించి పోలీసులు మెజిస్ట్రేట్‌కి నివేదిక ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది, ఆ సమాచారం ఎవరైనా ఇవ్వొచ్చు.

ప్రశ్న: మా చెల్లికి బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు) ఉంది. మూడేళ్లుగా మందులు వాడుతూ చక్కగా ఉద్యోగం చేసుకుంటోంది. ఇప్పుడో మంచి సంబంధం వచ్చింది. పెళ్లయితే అంతా సర్దుకుంటుంది, మందుల సంగతి అవతలివాళ్లకి చెప్పొద్దు అంటోంది అమ్మ. పెళ్లి పనుల్లో మాత్రలు కనబడకుండా నన్ను దాచమంటోంది. చెల్లి మాత్రం ఏమీ మాట్లాడట్లేదు.
– కరీంనగర్

దాచొద్దు. మీ అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది, చెబితే ఈ సంబంధమే కాదు, చుట్టుపక్కల పది సంబంధాలూ పోతాయని. కానీ ఆలోచించండి, కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య, పెళ్లి హడావిడిలో రోజుల తరబడి నిద్ర లేకుండా, దొంగచాటుగా మాత్రలు మింగాలి లేదా మానేయాలి. బైపోలార్ ఉన్నవాళ్లకి నిద్ర చెడటం కంటే ప్రమాదం ఇంకేముంటుంది? తిరగబెట్టాక తెలిస్తే అత్తింటివాళ్లు జబ్బుని కాదు, మోసాన్ని పట్టుకుంటారు. హిందూ వివాహ చట్టంలో మోసం చేసి ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని, ఆ మోసం బయటపడిన ఏడాదిలోగా కోర్టుకి వెళ్లే వీలుంది. మాత్రలు దాచే పని మీకు అప్పజెప్పారంటే ఆ టెన్షన్‌లో మిమ్మల్నీ ఇరికించినట్టే, చెయ్యనని చెప్పండి.

అసలు ముందు చెల్లిని అడగండి, అమ్మ లేనప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు. తనకి ఈ పెళ్లి ఇష్టమా, అబ్బాయికి తనే చెబుతుందా, మీరు పక్కనుండాలా. జబ్బు తనది, చెప్పే మాట కూడా తనదే కావాలి. వీధి వీధికీ చెప్పక్కర్లేదు, పెళ్లాడబోయే మనిషికి చెబితే చాలు, ఆయనని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఉన్న సందేహాలన్నీ అడగమంటే ఇంకా మంచిది. విని వెళ్లిపోయేవాడు పెళ్లయ్యాక వెళ్లిపోవడం కంటే ఇప్పుడు వెళ్లడమే మేలు. విని నిలబడేవాళ్లూ ఉంటారు. మందులు సరిగ్గా వాడుతూ పెళ్లి చేసుకుని పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకొకటి మర్చిపోకముందే. ఏ మందు వాడుతోందో చీటీ చూడండి. సోడియం వాల్‌ప్రోయేట్ అయితే గర్భంలో బిడ్డకి లోపాలు రావచ్చు, అందుకని పెళ్లి మాట అనుకుంటున్నప్పుడే డాక్టర్‌తో మాట్లాడి మార్చుకునే సంగతి తేల్చుకోవాలి. లిథియం అయినా ముందుగానే చెప్పాలి. సొంతంగా మాత్రం ఏదీ ఆపొద్దు.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. మా అన్నయ్యకి నలభై ఒకటి, ఇరవై ఏళ్లుగా స్కిజోఫ్రీనియా. విజయవాడలో అమ్మానాన్నల దగ్గర ఉంటాడు. నాన్నగారు రైల్వేలో రిటైరయ్యారు, డెబ్బై నాలుగు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. నేను డబ్బు పంపుతాను, అంతకంటే ఏమీ చెయ్యలేకపోతున్నానని బాధ. వాళ్ల తర్వాత అన్నయ్య సంగతేంటని అడిగితే అమ్మ ఏడుస్తుంది, నాన్న లేచి వెళ్లిపోతారు.
– ఒక చెల్లెలు

వాళ్లు ఆ మాట ఎత్తనివ్వకపోవడానికి కారణం, మా తర్వాత అనగానే చావు గురించి మాట్లాడినట్టు అనిపించడం. మీరు ఆ ప్రశ్న వదిలేసి కాగితాల దగ్గర మొదలుపెట్టండి. కాగితాల గురించి మాట్లాడటానికి నాన్నగారికి ఇబ్బంది ఉండదు, రైల్వే మనిషి కదా.

మొదటిది వైకల్య సర్టిఫికెట్. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో మానసిక జబ్బు ఒకటి. దివ్యాంగుల గుర్తింపు కార్డు ఇచ్చే యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే మెడికల్ బోర్డు చూసి శాతం వేస్తుంది, చాలా సదుపాయాలకి కనీసం 40 శాతం కావాలి. అక్కడ మన కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినే చోటు ఒకటి ఉంది. ఆయన స్నానం తనే చేస్తాడా, బట్టలు మార్చుకుంటాడా, పదిమందితో కలుస్తాడా, ఏమైనా పని చేస్తాడా అని అడుగుతారు. మీ అమ్మగారు ఆ రోజు అన్నయ్యకి తనే స్నానం చేయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి తీసుకెళ్లి, పరువు కోసం "అన్నీ తనే చేసుకుంటాడండీ" అనేస్తారు. దాంతో శాతం తక్కువ పడుతుంది. ఎవరు చెబితే చేస్తాడు, ఎన్నిసార్లు చెప్పాలి, బాగా లేని రోజుల్లో ఎలా ఉంటాడు అన్నది నిజంగా ఉన్నదున్నట్టు చెప్పమనండి. పాత మందుల చీటీలు, డిశ్చార్జి సమ్మరీలు తేదీల వారీగా ఫైల్ చెయ్యండి.

రెండోది ఫ్యామిలీ పెన్షన్. సొంతంగా సంపాదించుకోలేని మానసిక వైకల్యం ఉన్న కొడుక్కి, కూతురికి కేంద్ర ప్రభుత్వ, రైల్వే పెన్షన్ నిబంధనల ప్రకారం జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. మీ విషయంలో ముందు అమ్మగారికి, ఆ తర్వాత అన్నయ్యకి. అన్నయ్య పేరు నాన్నగారు ఉండగానే పెన్షన్ కాగితాల్లో ఎక్కించుకోవాలి, అన్నయ్య తరఫున డబ్బు తీసుకునే వ్యక్తిని కూడా ఆయనే నామినేట్ చెయ్యాలి. ఇది చెయ్యకుండా వదిలేసిన ఇళ్లలో తర్వాత తోబుట్టువులు గార్డియన్‌షిప్ కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తోంది.

ఎవరైనా నేషనల్ ట్రస్ట్ ద్వారా గార్డియన్‌షిప్ తీసుకోమంటే వినకండి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే, స్కిజోఫ్రీనియాకి వర్తించదు. అన్నయ్యకి పరిమిత గార్డియన్ (ఆయనతో మాట్లాడి, కొన్ని నిర్ణయాల వరకే తోడుండే వ్యక్తి) అవసరమైతే 2016 చట్టంలోని 14వ సెక్షన్ ఉంది. ఇల్లు ఆయన పేరున రాసేస్తే ఎవరైనా సంతకం పెట్టించుకుని లాగేసుకోవచ్చు, అలాగని పూర్తిగా మీ పేరున రాయడం కూడా ఆయనకి న్యాయం కాదు. ఆయన జీవితాంతం వాడుకునేలా ఒక ప్రైవేటు ట్రస్టు పెట్టి, మీతో పాటు ఇండియాలో ఉన్న ఒకరిద్దరిని ట్రస్టీలుగా వెయ్యొచ్చు. మంచి వకీలుతో విల్లు రాయించుకునేటప్పుడు ఇది అడగండి.

కాగితాల కంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది, అది మాత్రం ఇప్పుడే మొదలవ్వాలి. నలభై ఏళ్ల మనిషికి అమ్మ కంచంలో కలిపి పెడుతోందా? మాత్రలు నోట్లో వేస్తోందా? ఆవిడకి ప్రేమ అది, కానీ ఆవిడ మంచం పట్టిన రోజు ఆయనకి ఏ పనీ రాదు. వారానికి సరిపడా గళ్లున్న మాత్రల డబ్బా కొని ఆయన చేతికే ఇవ్వండి. కుక్కర్‌లో అన్నం వండటం, ఏటీఎంలో డబ్బు తీయడం, ఆటోలో ఒక్కడే ఆసుపత్రికి వెళ్లి ఇంజెక్షన్ చేయించుకుని రావడం, ఒక్కొక్కటే, నెలలు పట్టినా సరే నేర్పించాలి. మందులు సగమే పనిచేస్తాయి, మిగతాదంతా ఈ నేర్పే పనే. చెన్నైలో డాక్టర్ శారదా మేనన్ 1984లో మొదలుపెట్టిన స్కార్ఫ్ సంస్థ ఈ దారిలోనే ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. అక్కడే బనియన్ అనే సంస్థ హోమ్ అగైన్ పేరుతో మామూలు వీధుల్లో ఇళ్లు తీసుకుని, నలుగురైదుగురు కలిసి ఉండేలా, తోడుగా ఒక సహాయకురాలు ఉండేలా నడుపుతోంది. మన దగ్గర ఇలాంటివి చాలా తక్కువ, ప్రభుత్వాలు వీటి మీద డబ్బు పెట్టకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఎందుకంటే చూసుకునేవాళ్లు లేరన్న ఒక్క కారణంతో మనిషిని ఆసుపత్రిలో ఉంచెయ్యకూడదని 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే అంటోంది. ప్రైవేటు హోమ్‌లు ఉన్నాయి. చేర్చాలనుకుంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్టరయ్యిందో లేదో చూడండి, చెప్పకుండా మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్లి కంచాల్లో ఏముందో చూడండి, కుటుంబం ఎప్పుడైనా రావచ్చా అని అడగండి, రాకూడదంటే అక్కడ వద్దు.

మీ బాధ గురించి. డబ్బు పంపడం తక్కువ పనేమీ కాదు, ఆ ఇంట్లో మందులు ఆగకపోవడానికి అదే కారణం కావచ్చు. ఇంకా చెయ్యాలనుంటే, అమ్మకి ఫోన్ చేసి అన్నయ్య ఎలా ఉన్నాడని అడగడం మానేసి నేరుగా అన్నయ్యకే చెయ్యండి. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే టైముకి. మొదట్లో ఊ, ఆ అని పెట్టేస్తాడు, ఫర్వాలేదు. మందులు వేసుకున్నావా అని మొదటి మాటగా అడగొద్దు, క్రికెట్ గురించో చిన్నప్పటి మీ వీధి గురించో మాట్లాడండి. నిద్ర ఎలా పడుతోందో మాత్రం మాటల్లో కనుక్కోండి, జబ్బు తిరగబెట్టే ముందు చాలామందిలో మొదట చెడేది నిద్రే. సెలవులకి వచ్చినప్పుడు ఒక పూట అన్నయ్యతో మీరే ఆసుపత్రికి వెళ్లి డాక్టర్‌కి మీ పేరు, నంబర్ ఫైల్లో రాయించండి, చీటీలన్నీ ఫొటోలు తీసుకుని మీ దగ్గర పెట్టుకోండి. విజయవాడలో ఉన్న మేనమామ కొడుకో, ఎదురింటివాళ్లో, ఎవరో ఒకరికి ఆ ఫొటోలు పంపి, రాత్రివేళ అమ్మ ఫోన్ చేస్తే మీరు వెళ్లగలరా అని ముందే అడిగి పెట్టుకోండి.